సీకో వాచీలో అరబిక్ వారం: డిస్కు మార్చాలా, కీ తిప్పితే సరిపోతుందా?

గుంటూరు బ్రాడీపేట నుంచి వచ్చిన ప్రశ్న ఇది: "మా బావగారు దుబాయ్ నుంచి నాన్నగారికి సీకో 5 ఆటోమేటిక్ తెచ్చారు. మొదట్లో వారం ఇంగ్లీషులోనే వచ్చేది. పదిహేను రోజులు బీరువాలో ఉండి ఆగిపోయింది. మళ్లీ టైం పెట్టాక వారం అరబిక్‌లో వస్తోంది. విజయవాడలో ఒకచోట చూపిస్తే మిషను విప్పి డిస్కు మార్చాలన్నారు. ఇంకొకరేమో అరబిక్ ఉందంటే డూప్లికేటే అన్నారు. ఏది నిజం? అసలు తెలుగులో వారం చూపించే వాచీ ఉంటుందా?"

డిస్కు మార్చనక్కర్లేదండి. వెనక మూత కూడా తీయనక్కర్లేదు. మీ వాచీలో ఇంగ్లీషు, అరబిక్ రెండూ ఒకే డిస్కు మీద ఉన్నాయి. ఆగిన వాచీకి మళ్లీ వారం పెట్టినప్పుడు కీ ఒక్క క్లిక్కు అటో ఇటో ఆగి ఉంటుంది. జరిగింది అంతే.

లోపల ఏముందో తెలిస్తే మిగతాదంతా మీరే చేసుకోగలరు. డయల్ కింద బయటివైపు 1 నుంచి 31 వరకు అంకెలున్న తేదీ రింగు ఉంటుంది. దానికి లోపలగా, ముళ్ల ఇరుసు చుట్టూ తిరిగేది వారం డిస్కు. రెండు భాషల వాచీలో ఆ డిస్కు మీద 14 పేర్లు ఉంటాయి. ఒక ఇంగ్లీషు పేరు, దాని పక్కన ఒక అరబిక్ పేరు, మళ్లీ ఇంగ్లీషు, మళ్లీ అరబిక్, ఇలా చుట్టూ. మనం కీతో తిప్పితే డిస్కు ఒక్కో మెట్టు కదులుతుంది కాబట్టి రెండు భాషలూ వరసగా కిటికీలో కనిపిస్తాయి. రాత్రిపూట వాచీ తనంతట తాను తిప్పుకునేటప్పుడు మాత్రం ఒకే రాత్రిలో రెండు మెట్లు జరుపుతుంది. అందుకే ఇంగ్లీషు మీద వదిలేస్తే మర్నాడు కూడా ఇంగ్లీషే వస్తుంది, అరబిక్ మీద వదిలేస్తే అరబిక్కే వస్తుంది. మీ వాచీ మీరు వదిలిన భాషను నమ్మకంగా కొనసాగిస్తోంది. అది సరిగ్గా పనిచేస్తోందనడానికి ఇదే గుర్తు.

ఇప్పుడు సెట్ చేసే పద్ధతి. ముందు వెనక మూత మీద చూడండి, నాలుగు అక్షరాల నంబరు, తర్వాత గీత, తర్వాత ఇంకో నాలుగు అంకెలో అక్షరాలో ఉంటాయి. గీతకు ముందున్నది మిషను నంబరు. గల్ఫ్ నుంచి వచ్చే సీకో 5లలో ఎక్కువగా ఉండేది 7ఎస్26. 2019లో మళ్లీ వచ్చిన సీకో 5 స్పోర్ట్స్‌లో 4ఆర్36 ఉంటుంది. రెండింటికీ ఈ పద్ధతి ఒకటే.

కీని రెండు క్లిక్కులు బయటికి లాగి ముళ్లను ముందుకే తిప్పండి. 12 దాటేటప్పుడు తేదీ మారిందా లేదా చూడాలి. మారితే అది అర్ధరాత్రి 12, మారకపోతే మధ్యాహ్నం 12. అర్ధరాత్రి దాటిందని తేలాక ఇంకా ముందుకు తిప్పి ఉదయం 6 దగ్గర ఆపండి. అప్పుడు కీని ఒక క్లిక్కు లోపలికి నొక్కి మధ్య స్థానంలో ఉంచండి. ఇక్కడ ఒకవైపు తిప్పితే తేదీ కదులుతుంది, ఎదురువైపు తిప్పితే వారం కదులుతుంది. ఈరోజు తేదీ పెట్టండి. తర్వాత వారం వైపు నిదానంగా, ఒక్కో క్లిక్కు వింటూ తిప్పండి. ఈరోజు పేరు ఇంగ్లీషులో రాగానే ఆపేయండి. దాటిపోతే వెనక్కి రాదు, మిగిలిన 13 క్లిక్కులూ తిరిగి రావాల్సిందే. చివరికి కీని మళ్లీ పూర్తిగా లాగి, ముళ్లను ఉదయం 6 నుంచి ఇప్పటి టైం వరకు ముందుకు తిప్పండి. ఇప్పుడు సాయంత్రమైతే మధ్యాహ్నం 12 దాటించుకుని రావాలి. అది మరిచిపోయినవాళ్లకే తేదీ పట్టపగలు 12కి మారుతుంటుంది. అది వాచీ తప్పు కాదు, ముళ్లను 12 గంటలు ముందుకు తిప్పితే సరిపోతుంది.

ఉదయం 6 అని ఎందుకన్నానంటే, వాచీ ముళ్లు రాత్రి 9కీ తెల్లవారుజామున 4కీ మధ్య ఉన్నప్పుడు మధ్య స్థానంలో తేదీ, వారం తిప్పకూడదు. ఆ సమయంలో లోపల సన్నని వేలులాంటి భాగం డిస్కు పళ్ల మధ్యకు వచ్చి నెడుతూ ఉంటుంది. అదే వేళకు మనం కీతో అదే డిస్కును తిప్పితే ఆ వేలు వంగవచ్చు, విరగవచ్చు, పన్ను అరిగిపోవచ్చు. బయట టైం ఎంతన్నది దీనికి లెక్కలోకి రాదు, ముళ్లు ఎక్కడున్నాయన్నదే లెక్క. ఆగిపోయిన వాచీ ముళ్లు 11 దగ్గర ఉంటే అది పగటి 11 అని అనుకోకండి. వారం పాడైన వాచీల్లో చాలావాటికి కారణం ఈ తొందరే.

7ఎస్26కి కీతో చావి ఇచ్చే సదుపాయం లేదు. సెట్ చేశాక పక్కకు అటూ ఇటూ అర నిమిషం ఊపి చేతికి పెట్టుకోవాలి. 4ఆర్36కి కీ లోపలి స్థానంలో ఉండగానే ముందుకు 20, 30 సార్లు తిప్పితే చాలు. రెండూ పూర్తి చావి మీద సుమారు 40 గంటలు నడుస్తాయి. శనివారం సాయంత్రం తీసి సోమవారం ఉదయం పెట్టుకునేవాళ్లకి ఇది అంచుమీద లెక్క. పెద్దవాళ్లు ఇంట్లో చెయ్యి తక్కువ కదిలిస్తారు కాబట్టి నాన్నగారి వాచీ రాత్రుళ్లు ఆగుతున్నా ఆశ్చర్యం లేదు. ముందు అది చూసుకోండి, వారం తప్పడానికి అసలు కారణం చాలాసార్లు అదే అవుతుంది.

ఇంకో సంగతి చాలామందిని భయపెడుతుంది. రాత్రి ఒంటిగంటకో రెండింటికో లేచి చూస్తే, ఇంగ్లీషులో పెట్టిన వాచీలో అరబిక్ కనిపిస్తుంది. పొద్దున్నకి మళ్లీ ఇంగ్లీషే ఉంటుంది. రెండు మెట్లూ ఒకేసారి జరగవు కదా. 12 ప్రాంతంలో తేదీ మారాక, మొదటి మెట్టులో రెండో భాష వచ్చి కొంతసేపు నిలిచి, తెల్లవారుజామున 4 లోపు రెండో మెట్టు పడుతుంది. దానికి రిపేరు చేయించుకోకండి.

రిపేరు కావాల్సిన లక్షణాలు వేరే ఉన్నాయి. పొద్దున 7కి కూడా రెండో భాషే ఉంటే ఆ రాత్రి ఒక్క మెట్టే పడిందన్నమాట. మర్నాడు మళ్లీ రెండు పడి, ఇంకో రోజు ఒకటే పడుతూ భాషలు కలగాపులగంగా వస్తుంటే, డిస్కును ప్రతి మెట్టు దగ్గరా నిలబెట్టే జంపర్ స్ప్రింగు బిగువు తగ్గిందనో, వేలు కొస అరిగిందనో, పాత నూనె జిగురుగా మారిందనో అనుకోవాలి. పగలంతా పేరు కిటికీలో సగం పైకో సగం కిందికో నిలిచిపోతే డిస్కు మెట్టులో సరిగా కూర్చోవడం లేదు. తేదీ మారుతూ వారం అసలు కదలకపోతే వేలు విరిగి ఉండవచ్చు, లేదా డిస్కును పట్టి ఉంచే సన్నని క్లిప్పు ఊడి డిస్కు పైకి లేచి ఉండవచ్చు. రెండో సందర్భంలో డిస్కు డయల్ అడుగుభాగాన్ని రాస్తుంది, వాచీ రోజుకు కొన్ని నిమిషాలు వెనకపడుతుంది, కొన్నిసార్లు ఆగిపోతుంది. దీన్ని పరీక్షించడానికి కీ పూర్తిగా లాగి ముళ్లను ముందుకు, నెమ్మదిగా, ఏడు రోజులకు సరిపడా తిప్పండి. ఒక్క రోజుతో ఆపకండి. డిస్కు మీద ఒకే పన్ను దెబ్బతింటే అది 14లో ఒకచోటే బయటపడుతుంది.

పాత వాచీలైతే సెట్ చేసే తీరు వేరు. సీకో 6119 మిషను ఉన్నవాటిలో కీని లాగితే వారం మారదు, లోపలికి నొక్కాలి. తేలిగ్గా నొక్కితే తేదీ, గట్టిగా లోతుగా నొక్కితే వారం. ఒక్కో నొక్కుకు ఒక్క మెట్టే, అంటే ఇక్కడా భాషలు ఒకటి విడిచి ఒకటి వస్తాయి. తాతగారి వాచీ తీసి, కీ లాగి తిప్పి, వారం పనిచేయట్లేదని పక్కన పడేసినవాళ్లు ఈ నొక్కుడు ఒకసారి ప్రయత్నించాలి. 7009, 6309 మిషన్లకు మాత్రం ఇప్పటివాటిలాగే లాగి తిప్పడం. కొన్ని ఓరియంట్ మోడళ్లలో 2 గంటల దగ్గర విడిగా ఒక బటన్ ఉంటుంది, అది వారానికే.

ఇక డూప్లికేటు మాటకొద్దాం. అరబిక్ ఉండటం నకిలీకి గుర్తు కాదు. జపాన్ చిత్రాక్షరాలు ఉండటం అసలుకు హామీ కూడా కాదు. భాష అనేది ఆ వాచీ ఏ మార్కెట్టుకు వెళ్లాలో చెప్పే చీటీలాంటిది, అంతకుమించి ఏమీ కాదు. ఒకే మిషను చేసి, గల్ఫ్‌కు పంపేవాటిలో ఇంగ్లీషు-అరబిక్ డిస్కు, జపాన్‌లో అమ్మేవాటిలో ఇంగ్లీషు-జపనీస్, లాటిన్ అమెరికాకు ఇంగ్లీషు-స్పానిష్ వేస్తారు. మోడల్ నంబరు చివర వచ్చే కె1, జె1 అనేవి కూడా భాషను చెప్పవు. డయల్ మీద మేడిన్ జపాన్ అని ఉండే రకం జె1, మిగతాది కె1. పాత సీకోల్లో అసలు-నకిలీ చూడాలంటే డయల్ రంగు మళ్లీ వేశారా, డయల్ ముఖం మీదే కింది అంచున సన్నగా ఉండే నంబరు వెనక మూత మీది మిషను నంబరుతో కలుస్తోందా, సీరియల్ నంబరు ఏం చెబుతోంది, ఇవి చూడాలి. సీరియల్‌లో మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, రెండోది నెల. అక్టోబరుకు సున్నా లేదా ఓ, నవంబరుకు ఎన్, డిసెంబరుకు డి వాడారు. వారం డిస్కు నల్లగా, తేదీ రింగు తెల్లగా ఉంటే ఎవరో ఒకటి మార్చారని అర్థం. అది కూడా నకిలీ అనడానికి చాలదు, నిజాయితీగా చేసిన రిపేరు కావచ్చు.

విజయవాడ బీసెంట్ రోడ్డులోగానీ గుంటూరు పట్నంబజారులోగానీ పాత వాచీ చేతికొచ్చినప్పుడు రెండో భాష ఏదో ఎలా పోల్చుకోవాలి? అక్కడ పెద్ద చిక్కు ఫ్రెంచ్, స్పానిష్, ఇటాలియన్ మధ్యనే. ఈ మూడింటిలోనూ సోమ, మంగళవారాలు అచ్చంగా ఒకే మూడక్షరాలు, కాబట్టి ఆ రెండు రోజులు చూసి ఏమీ తేలదు. గురువారం దగ్గరకు తిప్పండి. జె, ఇ, యు అని వస్తే ఫ్రెంచ్. జె, యు, ఇ అయితే స్పానిష్. జి, ఐ, ఓ అయితే ఇటాలియన్. క్యు, యు, ఐ అని కనిపిస్తే పోర్చుగీసు. పోర్చుగీసులో సోమవారం నుంచి శుక్రవారం దాకా పేర్లు రెండోది, మూడోది, నాలుగోది అనే లెక్కలో నడుస్తాయి. జర్మన్‌లో సోమవారం ఇంగ్లీషులాగే ఉండి మోసం చేస్తుంది, మంగళవారం డి అక్షరంతో మొదలైతే జర్మనే. ఒకే పేరు రెండుసార్లు వచ్చిందని డిస్కు తప్పు ముద్రణ అనుకునేది ఇలాంటిచోటే. ఇంగ్లీషు-జర్మన్ డిస్కులో సోమవారం రెండు మెట్లూ ఒకేలా కనిపించడం సహజం.

అరబిక్ చదవడం రానివాళ్లకు కూడా ఒక ఆసరా ఉంది. ఆదివారం అహద్, అంటే ఒకటి. సోమవారం ఇత్నైన్, రెండు. ఇలా గురువారం ఖమీస్, ఐదు వరకు లెక్కే. శుక్రవారం జుమా, శనివారం సబ్త్ మాత్రం లెక్క కావు. చైనీస్ డిస్కులోనూ లెక్కే గానీ అక్కడ సోమవారం ఒకటి. సోమవారానికి ఒక అడ్డగీత, మంగళవారానికి రెండు, బుధవారానికి మూడు ఉంటాయి. ఆ మూడు రోజులకూ ఉత్త అడ్డగీతలే కనిపిస్తే చైనీస్, వేరే అక్షరాలు కనిపిస్తే జపనీస్ అని తేల్చేయవచ్చు.

ఈ జపనీస్ డిస్కు దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే అది మనకు పరాయిది కాదు. అందులో ఒక్కో రోజుకు ఒక్కో అక్షరమే. ఆదివారానికి నిలువు పెట్టెలో మధ్యన ఒక గీత ఉంటుంది, అది సూర్యుడు. సోమవారానికి కాళ్లున్న పెట్టెలో రెండు గీతలు, చంద్రుడు. మంగళవారానికి చేతుల పక్కన రెండు రవ్వలు ఎగురుతున్న మనిషిలా ఉండేది నిప్పు. బుధవారానికి నీరు. గురువారానికి కాండం, కొమ్మలు, వేళ్లు ఉన్న చెట్టులా కనిపించేది మాను. శుక్రవారానికి పైన ఇంటికప్పులా ఉండేది బంగారం, అంటే లోహం. శనివారానికి కూడిక గుర్తు కింద ఒక అడ్డగీత, మట్టి. ఈ ఐదు పంచభూతాల లెక్క కాదు, చైనా సంప్రదాయంలో ఐదు గ్రహాల పేర్లు. నిప్పు చుక్క అంటే కుజుడు, నీటి చుక్క బుధుడు, మాను చుక్క గురువు, లోహపు చుక్క శుక్రుడు, మట్టి చుక్క శని. మన ఆది, సోమ, మంగళ, బుధ, గురు, శుక్ర, శని వరసే అక్షరం పొల్లుపోకుండా అక్కడుంది. 8వ శతాబ్దంలో అమోఘవజ్రుడనే బౌద్ధ పండితుడు భారతీయ జ్యోతిషాన్ని చైనా భాషలోకి తెచ్చాడు. ఆ గ్రంథాన్ని 806లో కూకై అనే జపాన్ సన్యాసి తన దేశానికి తీసుకెళ్లాడు. పంచాంగం తెలిసిన తెలుగువాళ్లకు జపనీస్ డిస్కు నేర్చుకోవడం పది నిమిషాల పని. రెండో భాషను ఎంచుకునే అవకాశం వస్తే నా ఓటు దీనికే. అక్షరం ఒక్కటే కాబట్టి కిటికీలో పెద్దదిగా, స్పష్టంగా పడుతుంది. పెద్ద వయసువాళ్ల కళ్లకు మూడు చిన్న ఇంగ్లీషు అక్షరాలకన్నా సుఖం.

సరే, నిజంగానే డిస్కు మార్చాలనుకుంటే, అరబిక్ తీసి జపనీసో స్పానిషో వేయించాలనుకుంటే, ఏం అడగాలో తెలుసుకుని వెళ్లండి. 7ఎస్26, 7ఎస్36, 4ఆర్36, ఎన్‌హెచ్36 అనే సీకో మిషన్ల వారం డిస్కులు ఒకదానికొకటి సరిపోతాయి. ఎన్‌హెచ్35కి వారమే లేదు, తేదీ ఒక్కటే. దానికోసం డిస్కు కొనకండి. వేరే కంపెనీల మిషన్లయిన స్విస్ ఈటీఏ 2836-2కి, జపాన్ మియోటా 8205కి డిస్కులు పూర్తిగా వేరు. కొనేముందు అందరూ మరిచిపోయేది కీ ఉన్న చోటు. సీకో 5లలో చాలావాటికి కీ 4 గంటల దగ్గర ఉంటుంది, కొన్నింటికి 3 దగ్గర. కీ ఎక్కడుంటే మిషను అటు తిరిగి కూర్చుంటుంది గానీ కిటికీ మాత్రం 3 దగ్గరే ఉంటుంది. అందుకని రెండు రకాలకూ ముద్రణ కోణం వేరు. 3 దగ్గర కీ ఉన్న వాచీ డిస్కు తెచ్చి 4 దగ్గర కీ ఉన్నదానికి వేస్తే పేరు ఏటవాలుగా, కిటికీ అంచుకు పోయి కనిపిస్తుంది. ఎంత సవరించినా కుదరదు. డిస్కు రంగు తేదీ రింగుతో కలవాలన్నది రెండో జాగ్రత్త.

పని క్రమం ఇదీ. మూత తీశాక, కీ కాడను వదిలించే లీవర్ మీద చిన్న గుంట కనిపిస్తుంది. దాన్ని తేలిగ్గా నొక్కి కీని లాగాలి, గట్టిగా నొక్కితే లోపలి లీవర్ స్థానం తప్పి ఇంకో గంట పని పెరుగుతుంది. మిషను బయటికి తీసి హోల్డరులో పెట్టి, డయల్ మీద పల్చని ప్లాస్టిక్ కాగితం వేసి, రెండు లీవర్లతో ముళ్లను ఒకేసారి పైకి లేపాలి. కాగితం లేకుండా తీస్తే డయల్ మీద గీత పడుతుంది, అది పోదు. డయల్ వెనక ఉన్న కాళ్లు వంగకుండా అన్నివైపులా సమానంగా లేపాలి. కాలు వంగితే డయల్ రవ్వంత పక్కకు తిరిగి, కొత్త డిస్కు సరైనదే అయినా పేరు మధ్యలో పడదు. డయల్ తీయగానే వారం డిస్కు, దాన్ని పట్టిన సన్నని క్లిప్పు కనిపిస్తాయి. ఆ క్లిప్పే అసలు పరీక్ష. చిమటాతో ఒక కొన లేపగానే చిటుక్కున ఎగిరిపోతుంది, నేలమీద దొరకదు. మిషనునూ చేతులనూ పెద్ద పారదర్శకపు కవరులో ఉంచి తీయడం మంచి అలవాటు. డిస్కును వేలితో తాకితే చెమట మరక ముద్రణ మీద ఉండిపోతుంది. మే నెల విజయవాడలో ఏసీ లేని గదిలో ఈ పని పెట్టుకోవద్దనేది అందుకే.

కొత్త డిస్కు పెట్టి, పళ్లు జంపర్‌లో కూర్చున్నాయని చూసి, క్లిప్పు వేయాలి. డయల్ వేయకముందే కీ కాడ తిరిగి పెట్టి 14 మెట్లూ కీతో ఒకసారి, తర్వాత ముళ్లు తిప్పే స్థానంలో రెండు మూడు రాత్రుల మార్పులూ చూడాలి. ఈ పరీక్ష ఎగ్గొట్టి డయల్, ముళ్లు బిగించేస్తే తప్పు ఉన్నప్పుడు మళ్లీ అన్నీ విప్పాలి. ముళ్లు పెట్టేటప్పుడు నెమ్మదిగా తిప్పుతూ తేదీ మారిన క్షణంలో ఆపి, గంటల ముల్లు, నిమిషాల ముల్లు రెండూ సరిగ్గా 12 మీద బిగించాలి. ఇక్కడ అరగంట తేడా వస్తే జీవితాంతం తేదీ 11:30కో 12:30కో మారుతుంది. చివరికి మూత రబ్బరు రింగుకు సిలికాన్ గ్రీజు పల్చగా రాసి, రింగు ఎండిపోయి బల్లపరుపుగా అయిపోయి ఉంటే కొత్తది వేయించండి. మూత తెరిచిన వాచీకి నీటి పరీక్ష జరగనంతవరకు కృష్ణలో స్నానానికి పెట్టుకుని దిగకూడదు. భాష కోసం మాత్రమే ఇంత పని పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. ఓవర్‌హాలింగ్‌కు, అంటే మిషనంతా శుభ్రం చేసి నూనె వేయడానికి, ఎలాగూ విప్పే రోజున డిస్కు కూడా మార్చమంటే అదే కూలితో పోతుంది.

ఒక్క భాషే ఉండే డిస్కులూ ఉన్నాయి. 1956లో వచ్చిన రోలెక్స్ డే-డేట్ వారం పేరును 12 దగ్గర పూర్తిగా రాసి చూపిస్తుంది. దానికి 26 భాషల్లో డిస్కులున్నాయి, లాటిన్ కూడా అందులో ఉంది. కానీ ఒక వాచీలో ఒకటే భాష, మార్చాలంటే సర్వీసులోనే. కాసియో డిజిటల్‌లో డిస్కే ఉండదు కాబట్టి భాష సెట్టింగులో ఉంటుంది. ఎఫ్-91డబ్ల్యూలో ఇంగ్లీషు రెండక్షరాలే, ఇంకో భాష లేదు. దానికి సంవత్సరం పెట్టే వీలు లేదు కాబట్టి వారం కూడా మనమే పెట్టాలి, లీపు సంవత్సరం ఫిబ్రవరి 29న తేదీ సరిచేయాలి. జీడబ్ల్యూ-ఎం5610యూలో 6 భాషలు, డీబీ-360 డేటాబ్యాంకులో 13 భాషలు ఉన్నాయి. ఈ రెండింటిలో తేదీ పెడితే వారం అదే లెక్కగట్టుకుంటుంది. వీటిలో మన భాషలేవీ లేవు. గీతల ముక్కలతో అక్షరం కట్టే తెరల మీద గుడులు, కొమ్ములు, ఒత్తులు కుదరవు.

మీ చివరి ప్రశ్న తెలుగు గురించి. డిస్కు మీద భారతీయ భాష కావాలంటే చేతికి అందేది హిందీ. 1961లో జపాన్ సిటిజన్ సహకారంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టిన హెచ్‌ఎంటీ, తన ఆటోమేటిక్ డే-డేట్ వాచీల్లో ఇంగ్లీషు-హిందీ డిస్కులు వేసింది. రవి, సోమ్, మంగళ్, బుధ్, గురు, శుక్ర్, శని అని వస్తాయి. నాగరి అక్షరాలు చదవగలిగితే అవి మన పేర్లే, ఒక్క ఆదివారం తప్ప. హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు 2016 జనవరిలో కేంద్రం ఆమోదం తెలిపింది. ఈ డిస్కున్నవి కావాలంటే పాతవాటిలో వెతుక్కోవడం మేలు. వాటిలో హిందీ డిస్కు వెలిసిపోకుండా, పసుపెక్కకుండా ఉన్నది దొరికితే వదలకండి, విడిగా డిస్కు దొరకడం కష్టం.

తెలుగు డిస్కు చేయించుకోవాలనే కోరిక ఉన్నవాళ్లకు రెండు మాటలు. కాగితం స్టిక్కరు మీద ముద్రించి పాత డిస్కు మీద అంటించే ఆలోచన మానుకోండి. డిస్కుకూ డయల్‌కూ మధ్య ఖాళీ చాలా తక్కువ, స్టిక్కరు మందం అక్కడ రాసుకుని డిస్కును పట్టేస్తుంది, అంచు లేస్తే వాచీ ఆగుతుంది. ఫ్యాక్టరీలో సిలికాన్ మెత్తతో సిరా అద్దే ప్యాడ్ ప్రింటింగ్ చేస్తారు, మందం దాదాపు ఉండదు. ఆ పని చేయగలిగినవాళ్ల దగ్గరే చేయించాలి. ముద్రించాల్సింది పూర్తి పేర్లు కాదు. పంచాంగంలో వేసే పొడి అక్షరాలు చాలు: ఆ, సో, మం, బు, గు, శు, శ. ఏడూ వేరువేరే, అది మన అదృష్టం. ఒక్కచోటే జాగ్రత్త కావాలి. అంత చిన్న సైజులో శుక్రవారం కొమ్ము చెరిగినట్టుగా పడితే అది శనివారం అయిపోతుంది. అందుకని శనివారానికి శ బదులు శని అని రెండక్షరాలు వేయించండి, శనికి నీలం, ఆదివారానికి ఎరుపు రంగు పెట్టించండి. కింద ఒత్తు వచ్చే రూపాలు అసలు వద్దు, ఒత్తుకు చోటిస్తే పై అక్షరం సగానికి చిక్కిపోతుంది. అరబిక్ ఉన్న 7 చోట్లే తెలుగు వేయించి, ఇంగ్లీషు ఉన్న 7 చోట్లనూ అలాగే ఉంచమనండి. అక్షరం సన్నగా ఉందని నాన్నగారు అంటే, ముళ్లు ఉదయం 6 దగ్గర పెట్టి వారం తిప్పుతూ ఇంగ్లీషు పేరు దగ్గర ఆపి ఇవ్వవచ్చు.